సెట్లర్ ముందు, కాపలా వెనక: వరుస తప్పిన ఒక సివిలైజేషన్ ఆటపై కేస్ స్టడీ

వంతులవారీగా (టర్న్ బేస్డ్) ఆడే కంప్యూటర్ వ్యూహ క్రీడల్లో ఓడిపోయినవారి సేవ్ ఫైళ్లు తెప్పించుకుని, ఏ టర్న్ దగ్గర పట్టు జారిందో వెతికి చెప్పే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు. కానీ వారానికి రెండు మూడు ఫైళ్లయినా వస్తాయి, ఒక్కోదానిపై ఒక సాయంత్రం గడిచిపోతుంది. ఈసారి పరిశీలనకు తీసుకున్న ఆట మాత్రం నాదే. ఇతరుల ఆటల్లో ఎర్రగీత కింద రాసే వ్యాఖ్యలన్నీ వరుసగా నాకే వర్తించిన ఆట అది. ఆటో-సేవ్ ఫైళ్లను టర్న్ వారీగా పక్కన దాచుకునే అలవాటు ఉండటం వల్ల, ఏం జరిగిందో జ్ఞాపకం మీద ఆధారపడకుండా తిరిగి చూడగలిగాను.

ఆట సివిలైజేషన్ 6: నగరాలు పెట్టి, యూనిట్లను పటం మీద గడి గడికీ నడిపి, రాజ్యాన్ని పెంచుకునే ఆట. కొత్త నగరం పెట్టేది సెట్లర్ అనే పౌర యూనిట్. ఈ ఆట 2016లో వచ్చింది. నేను ఆడినది 2018 నాటి రైజ్ అండ్ ఫాల్ విస్తరణతో చేరిన లాయల్టీ (విధేయత సున్నాకు పడితే నగరం చేయిజారే) నియమాలు అమల్లో ఉన్న ఆట. కఠినత స్థాయి ఎంపరర్, వేగం స్టాండర్డ్. రాజధానికి ఉత్తరాన కొండల వరుస, ఆ వరుసలో ఒకే ఒక ఇరుకు కనుమ, కనుమ దాటితే నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ నగరం పెడితే మంచినీరూ తీరమూ రెండూ దక్కుతాయి, ఉత్తరాన ఉన్న పొరుగు రాజ్యం ఇటువైపు విస్తరించకుండా అడ్డుకట్ట కూడా పడుతుంది. ఆలోచనలో లోపమేమీ లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఈ కేసును రాయడానికి కారణం కూడా అదే: సిగ్గుపడాల్సిన తప్పులు చాలావరకు చెడ్డ పథకాల్లోంచి రావు, మంచి పథకాన్ని తప్పుడు వరుసలో అమలు చేయడంలోంచి వస్తాయి.

33వ టర్న్‌లో బార్బేరియన్ల (ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూకల) స్కౌట్, అంటే వేగు, ఒకటి రాజధాని సరిహద్దు దాకా వచ్చి, నగరాన్ని చూసి, ఉత్తరంగా వెళ్లిపోయింది. ఈ ఆటలో ఆ స్కౌట్ నెత్తిన ఆశ్చర్యార్థకం గుర్తు కనిపించిందంటే అది మన నగరాన్ని కనిపెట్టిందని అర్థం. తిరిగి తన శిబిరానికి చేరగానే అక్కడి నుంచి దాడి దళాలు బయలుదేరతాయి. అందుకే దాన్ని దారిలోనే చంపేయాలని కొత్త ఆటగాళ్లకు నేను మొదటి పాఠంగా చెబుతాను. ఆ టర్న్‌లో నా కాలిసైనికుడు, వారియర్, రెండు గళ్ల దూరంలోనే ఉన్నాడు. కానీ వాడు గాయపడి ఉన్నాడు, నేను వాడిని కోలుకోనిద్దామనుకున్నాను. ఇది తప్పే, అయితే సిగ్గుపడేంత తప్పు కాదు. ఎవరైనా అలా తేల్చుకోవచ్చు.

సిగ్గు 41వ టర్న్‌లో మొదలైంది.

ఆ టర్న్ ఫైలును తెరిచి ఒక్కో క్లిక్‌ను తిరిగి చూశాను. టర్న్ మొదలవగానే రాజధానిలో సెట్లర్ తయారైందన్న కబురు వచ్చింది. ఉత్పత్తికి ఏం పెట్టాలో ఎంచుకున్నాక, ఆదేశం కోసం ఎదురుచూస్తున్న మొదటి యూనిట్ దగ్గరికి తెర తనంతట తానే జరిగింది. ఆ యూనిట్ సెట్లరే. గమ్యం మూడు టర్న్‌ల ముందే మనసులో ఖాయమై ఉంది కాబట్టి, నదీముఖం దగ్గరి గడి మీద నొక్కి, మధ్యలో ఆగే పని లేకుండా దూర ప్రయాణపు ఆదేశం ఇచ్చేశాను. సెట్లర్ రెండు గళ్లు కదిలి కనుమ మొదట్లోని అడవి అంచున ఆగింది. ఆ తర్వాతే తెర వారియర్ దగ్గరికి వచ్చింది. వాడు కనుమ పక్కన కొండగడి కింద నిలబడి ఉన్నాడు. వాడిని కొండ ఎక్కించాను. ఎక్కగానే అవతలి అడవి వెనక నుంచి బార్బేరియన్ గుర్రపు దళం ఒకటి కనిపించింది.

ఆ క్షణంలో నా చేతిలో ఏమీ లేదు. సెట్లర్ నడక అయిపోయింది; వెనక్కి తెచ్చే వీలు లేదు. వారియర్ నడక కూడా అయిపోయింది. సెట్లర్ ఉన్న గడిలోకి వెళ్లి కాపలా కాయలేడు. మిగిలింది టర్న్ ముగించే బొత్తం ఒక్కటే. బొత్తం నొక్కాను, గుర్రపు దళం వచ్చి సెట్లర్‌ను పట్టుకుని శిబిరం వైపు తోలుకుపోయింది. ఈ ఆటలో పౌర యూనిట్లకు పోరాడే శక్తి ఉండదు; సైనికుడు అదే గడిలోకి వస్తే చాలు, చంపకుండానే సొంతం చేసుకుంటాడు.

నష్టం లెక్క చిన్నది కాదు. మొదటి సెట్లర్‌కే 80 ఉత్పత్తి ఖర్చవుతుంది, తర్వాత తయారుచేసే ప్రతి సెట్లర్‌కూ ఆ ధర పెరుగుతూ పోతుంది, తయారైన ప్రతిసారీ నగర జనాభాలో ఒకటి తగ్గుతుంది. నాది రెండో సెట్లర్. రాజధాని పదికి పైగా టర్న్‌లు శ్రమించి, ఒక జనాభాను వదులుకుని కన్న బిడ్డను నేను ఒక్క క్లిక్‌తో అప్పగించేశాను.

ఇక్కడ అదృష్టాన్ని తప్పు నుంచి వేరుచేయడం అవసరం, ఎందుకంటే నాకు వచ్చే ఫైళ్లలో సగం మంది తమ తప్పును దురదృష్టం ఖాతాలో రాసేస్తారు. తొంభై శాతం గురి చూపించిన దెబ్బ తప్పిపోవడం తప్పు కాదు. ఆ తొంభైకి ఒక్కో ఆటలో ఒక్కో అర్థం ఉంటుందన్నది వేరే సంగతి: ఫైర్ ఎంబ్లమ్ అనే ఆట భాగాల్లో కొన్నింటిలో రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటు తీసి చూస్తారు కాబట్టి తెరమీది 90 నిజానికి 98 దాటుతుంది, ఆ ఆటలకు అలవాటుపడి ఎక్స్‌కామ్ అనే సైనిక వ్యూహ క్రీడకు వచ్చినవారు దెబ్బ తప్పిన ప్రతిసారీ యంత్రం మోసం చేసిందనుకుంటారు. నా 41వ టర్న్‌లో పాచిక ఏదీ పడలేదు. గుర్రపు దళం నేను చూడకముందూ అక్కడే ఉంది, చూశాకా అక్కడే ఉంది. నేను చేసినదల్లా చూడటాన్ని కదలడం తర్వాతకు వాయిదా వేయడం.

ఈ నిర్ధారణను సరిచూసుకోవడానికి అదే ఫైలును మళ్లీ తెరిచి, సెట్లర్‌ను ముట్టుకోకుండా ముందు వారియర్‌ను కొండ ఎక్కించాను. అదే దళం, అదే గడిలో కనిపించింది. సెట్లర్‌ను రాజధానిలోనే నిలిపి, మూడు టర్న్‌లు ఆగి, ఇద్దరినీ ఒకే గడిలోకి తెచ్చి జతకట్టి పంపితే కనుమ దాటారు. సైనికుడిని పౌర యూనిట్‌తో జతచేసే వీలు ఈ ఆటలో ఉంది. కలిసి నడుస్తారు, నెమ్మదైనవారి వేగంతో నడుస్తారు. ఒక్కసారి మళ్లీ ఆడి చూసినంత మాత్రాన రుజువైపోయిందని అనను. అయినా రెండు ఆటల మధ్య తేడా రెండు క్లిక్‌ల వరుస ఒక్కటే అన్నది స్పష్టం.

ఫైలును నాకంటే చిన్నవాడైన ఒక ఆటగాడికి కూడా పంపాను. ఎవరి ఆటో చెప్పలేదు. అతను నలభై నిమిషాల తర్వాత ఫోన్ చేసి, "అన్నా, ఇది ఎవరో కొత్తవాళ్ల ఆటలా ఉంది. స్కౌట్‌ని వదిలేశారు, దారి చూడకుండా సెట్లర్‌ని తోలేశారు. వీళ్లకి నువ్వు మామూలుగా చెప్పేదే చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను.

నేర్పిన మనిషే ఎందుకిలా చేశాడన్నది ఈ కేసులో అసలు ప్రశ్న. దీనికి నాకు దొరికిన జవాబు ఏమిటంటే, ఆదేశం ఎవరికి ముందు ఇవ్వాలన్న నిర్ణయం నాది కాకుండా పోయింది. తెర ఒక యూనిట్ దగ్గర ఆగి "దీన్ని ఏం చేస్తారు" అని అడుగుతుంది. అడిగినదానికి మంచి జవాబు మన దగ్గర ఉంటే వెంటనే చెప్పేస్తాం. నా దగ్గర చాలా మంచి జవాబు ఉంది. మూడు టర్న్‌లుగా దాచుకున్న జవాబు. కానీ అడగాల్సిన ప్రశ్న "సెట్లర్ ఎక్కడికి" అన్నది కాదు, "ఈ టర్న్‌లో ముందుగా కదలాల్సింది ఎవరు" అన్నది. దాన్ని తెర ఎప్పుడూ అడగదు. అనుభవం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువేమోనని నా అనుమానం, ఎందుకంటే వారి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు ఎక్కువ.

పేరు ప్రతిష్ఠలు దీనికి అడ్డు రావు. 2006 నవంబరులో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో ఆడిన మ్యాచ్ రెండో గేమ్‌లో, అప్పటి ప్రపంచ చదరంగ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ తన 34వ ఎత్తుగా మంత్రిని ఈ3 గడికి జరిపాడు. మరుసటి ఎత్తులోనే ఎదుటి మంత్రి హెచ్7లో దిగి మాట్ చేసింది. ఒక్క ఎత్తులో మాట్, అదీ నేర్చుకునే పిల్లలకు కూడా కనిపించేది. తన పథకం ఎంత దూరం వెళుతుందో చూస్తున్న కంటికి ఎదుటివాడి తక్షణ ఎత్తు కనిపించలేదు. నా కనుమను దానితో పోల్చుకోవడం అతిశయమే అయినా, దూరపు గమ్యం మీద నిలిచిన చూపుకు పక్కగడి కనపడకపోవడం రెండుచోట్లా ఉంది.

మళ్లీ నా ఆటకు వస్తాను, ఎందుకంటే తప్పు ఒక్కటితో ఆగలేదు. 42వ టర్న్ నుంచి 50వ టర్న్ వరకు నా దగ్గరున్న సైన్యమంతా, అంటే ఒక వారియర్, ఒక స్లింగర్ (వడిసెలవాడు), శిబిరం వెంట పడింది. రాజధానిలో గోడలు లేవు. గోడలు లేని నగరానికి ఈ ఆటలో శత్రువును దూరం నుంచి కొట్టే శక్తి ఉండదు. ఖాళీగా ఉన్న నగరం చుట్టూ ఇంకో బార్బేరియన్ దళం తిరిగి, ఒక పొలాన్నీ ఒక గనినీ పాడుచేసి వెళ్లింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినంత పనైంది. 50వ టర్న్‌లో స్లింగర్ శిబిరం కాపలాదారుని చంపగా, వారియర్ సెట్లర్ ఉన్న గడిలోకి వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. అంతటితో కథ సుఖాంతమైందనుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదు.

55వ టర్న్‌లో సెట్లర్ నదీముఖానికి చేరింది, ఈసారి వారియర్‌తో జతగానే. వెంటనే నగరం స్థాపించాను. ఆలోచించి పెట్టిన చోటే, సెట్లర్ మొదట బయలుదేరిన పద్నాలుగు టర్న్‌ల తర్వాత. ఈ మధ్యలో, 47వ టర్న్‌లో, పొరుగు రాజ్యం అక్కడికి నాలుగు గళ్ల దూరంలో తన మూడో నగరం పెట్టింది. ఆ కబురు నాకు తెలుసు. సరిహద్దు రంగు తెరమీద కనిపిస్తూనే ఉంది. రెండు నగరాల మధ్య కనీసం మూడు గళ్లు ఖాళీ ఉండాలన్న నియమానికి నా చోటు సరిగ్గా సరిపోయింది, "అమ్మయ్య, దక్కింది" అనుకున్నాను.

సెట్లర్‌ను ఎంచుకున్నప్పుడు గడులన్నీ నీటి వసతిని బట్టి రంగులు మారతాయి. లాయల్టీ నియమాలు ఉన్న ఆటలో వాటితోపాటు, అక్కడ నగరం పెడితే టర్న్‌కు ఎంత లాయల్టీ పెరుగుతుందో తరుగుతుందో చెప్పే అంకె కూడా కనిపిస్తుంది. నా కళ్లు ముదురాకుపచ్చ రంగు చూశాయి. పక్కనే ఎర్రగా ఉన్న అంకెను చూడలేదు. ఫైలును తిరిగి తెరిచినప్పుడు ఆ అంకె మైనస్ 13.

దాని వెనకున్న లెక్క తెలిసినవాడినే. ప్రతి నగరంలోని జనాభా తొమ్మిది గళ్ల వరకు ఒత్తిడి తెస్తుంది. దూరం ఒక్కో గడి పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి పది శాతం చొప్పున తగ్గుతుంది. నా రాజధాని ఏడు గళ్ల దూరంలో ఉంది కాబట్టి దాని బలంలో మూడు పదోవంతులే అక్కడికి చేరింది. పొరుగు నగరాలు రెండు నాలుగేసి గళ్ల దూరంలో, వారి రాజధాని ఆరు గళ్ల దూరంలో. కొత్త నగరం లాయల్టీ 100తో మొదలవుతుంది. టర్న్‌కు పదమూడు చొప్పున పోతే ఎనిమిదో టర్న్‌కు సున్నా. గవర్నర్‌ను నియమిస్తే టర్న్‌కు 8 కలుస్తుంది గాని, మైనస్ 13 అప్పటికీ మైనస్ 5 అవుతుంది. పతనం నెమ్మదిస్తుంది, ఆగదు. పైగా నా గవర్నర్ రాజధానిలో ఉన్నాడు. 63వ టర్న్‌లో నగరం తిరుగుబాటు చేసి స్వతంత్ర నగరమైంది. కొన్ని టర్న్‌ల తర్వాత పొరుగు రాజ్యంలో కలిసింది. వారికి నేను నా ఖర్చుతో, నా ఉత్పత్తితో, ఒక రేవు నగరం కట్టించి ఇచ్చాను.

పైకి ఈ రెండో తప్పు మొదటిదానికి సంబంధం లేనట్టు కనిపిస్తుంది. ఒకటి బార్బేరియన్ల గొడవ, ఇంకొకటి లాయల్టీ గొడవ. కానీ రెంటిలోనూ జరిగింది ఒకటే: వెనక్కి తీసుకోలేని పనిని, చూడాల్సింది చూడకముందే చేశాను. మొదటిసారి చూసే యూనిట్ వెనకబడింది. రెండోసారి చూపే వెనకబడింది. 38వ టర్న్‌లో తీసుకున్న నిర్ణయాన్ని 55వ టర్న్‌లో అమలు చేస్తున్నప్పుడు, ఆ నిర్ణయానికి ఆధారమైన పటం మారిపోయిందన్న సంగతి కంటికి తెలుసు, చేతికి తెలియదు. దానికి తోడు పోగొట్టుకుని తిరిగి సాధించిన వస్తువును మొదట అనుకున్న పనికే వాడాలన్న మొండితనం. తిరిగి దక్కిన సెట్లర్‌ను మూడు గళ్లు వెనక్కి తెచ్చి కనుమకు ఇవతల నగరం పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా ఫైలులో చూశాను. అక్కడ అంకె ఎర్రగా లేదు.

వెనక్కి తీసుకోలేని పని అంటే ఏమిటన్నది ఆటను బట్టి మారుతుంది, ఈ విషయాన్ని బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్ అనే ఉచిత ఆట అన్నిటికంటే స్పష్టంగా గీతగీసి చూపిస్తుంది. అందులో నడిపిన యూనిట్‌ను అన్‌డూతో వెనక్కి పెట్టుకోవచ్చు. అయితే ఆ నడకతో, ఇంకా చూడని గళ్లను కప్పిన పొగమంచు తొలగి కొత్త సంగతి ఏదైనా బయటపడితే ఆ వీలు పోతుంది. దాడి చేసినా పోతుంది. తెలిసినదాన్ని తెలియనట్టు చేయడం కుదరదు కాబట్టి ఆ నియమం న్యాయమైనది. అందులోంచి ఆటగాడు తీసుకోవాల్సిన వరుస కూడా తేలికే: సమాచారం తెచ్చే నడకలు ముందు, ఆ సమాచారం మీద ఆధారపడే నడకలు తర్వాత. అయినా వెస్‌నాత్ ఫైళ్లలో నేను పదే పదే చూసే దృశ్యం ఒకటుంది. గుర్రపు యోధుడి ఛార్జ్ దెబ్బ, ఇచ్చేదీ తినేదీ రెండూ రెట్టింపు చేస్తుంది. ఈటెవాడికి ఎదుటివాడు దాడి చేసినా ముందు కొట్టే గుణం ఉంది. ఈ రెండు వాక్యాలూ కంఠతా వచ్చినవారే గుర్రాన్ని నేరుగా ఈటె మీదికి ఉరికిస్తారు. అడిగితే, పక్కనున్న మంత్రగాడిని కొట్టబోయి తప్పుగడి నొక్కామంటారు. నిజమే కావచ్చు. దాడికి ముందు తెరమీద వచ్చే లెక్కల పలకను చదవకుండా ఓకే నొక్కడం మాత్రం తప్పుగడి వల్ల జరిగింది కాదు.

ఎక్స్‌కామ్‌లో ఇదే వ్యాధి ఇంకా ఖరీదైనది. నలుగురు సైనికులు తమ వంతు పూర్తిచేసి చాటున కూర్చున్నాక, ఐదోవాడిని రెండు చర్యలూ ఖర్చుపెట్టి ముందుకు పరిగెత్తిస్తారు. వాడి కంటికి కొత్త శత్రుదళం తగులుతుంది. కనబడగానే ఆ దళానికి చాటు వెతుక్కునే ఉచిత కదలిక దొరుకుతుంది, ఆ తర్వాత వారి పూర్తి వంతు వస్తుంది. మన వైపు కాల్పులు జరపగలవారు ఒక్కరూ మిగలరు. అదే పరిగెత్తడాన్ని టర్న్ మొదట్లో చేసి ఉంటే నలుగురి తుపాకులు చేతిలో ఉండేవి. ఆ ఐదోవాడి పేరు సాధారణంగా ఆటగాడి ఆప్తమిత్రుడి పేరే అయి ఉంటుంది. సైనికులకు తెలిసినవారి పేర్లు పెట్టుకోవడం ఆ ఆటలో ఆచారం.

మందు గురించి కొంత చెప్పాలి. సెట్టింగులలో యూనిట్ నుంచి యూనిట్‌కు తెర దానంతట అదే జరిగే ఏర్పాటును ఆపేశాను. మొదటి రెండు రోజులు చాలా చిరాకనిపించింది. పౌర యూనిట్లకు దూర ప్రయాణపు ఆదేశం ఇవ్వడం మానేశాను, ఒక్కో టర్న్‌కు చేరగల గడికే పంపుతున్నాను. టర్న్ మొదట్లో స్కౌట్లూ కొండల మీది కాపలాదారులూ, తర్వాత సైన్యం, అందరికంటే చివర సెట్లర్లూ, పొలాలూ గనులూ వేసే బిల్డర్లూ. నగరం పెట్టే ముందు మౌస్ మీద నుంచి చేయి తీసి అంకె చదువుతాను. ఇవన్నీ చేతికి కళ్లెం వేసే ఏర్పాట్లే. బుద్ధికి సంబంధించినవి కావు.

అతిజాగ్రత్త కూడా ఒక రోగమేనని ఒప్పుకోవాలి. 2012లో కొత్తగా వచ్చిన ఎక్స్‌కామ్ ఆటలో ప్రతి టర్న్‌లోనూ నాలుగు అడుగులు వేసి అందరినీ ఓవర్‌వాచ్‌లో (శత్రువు కదిలితే కాల్చే కాపులో) పెట్టి పాక్కుంటూ వెళ్లేవారు చాలామంది; 2016 నాటి ఎక్స్‌కామ్ 2లో అనేక మిషన్లకు టర్న్‌ల గడువు పెట్టడంతో ఆ పద్ధతి చెల్లకుండా పోయింది. నా ఆటలోనూ మూడు టర్న్‌లు ఆగడం ఉచితం కాదు. అదే కనుమ ముందు పది టర్న్‌లు ఆగి ఉంటే ఈలోగా పొరుగువారి మూడో నగరం నాలుగు గళ్ల దూరంలో వచ్చేసేది. ఆగడమూ ఒక ఎత్తే, దానికీ ఖర్చుంది.

ఆట చివరికి ఏమైందని అడిగేవారికోసం: 240వ టర్న్ దాకా ఆడి, ఉత్తరం నుంచి వచ్చిన నౌకలు తీరాన్ని మూసేశాక వదిలేశాను. ఆ నౌకలు బయలుదేరింది నేను కట్టిన రేవు నుంచే. నగరం చేతులు మారినా పేరు మారదు కాబట్టి, పటం మీద పరాయి రంగులో నేను పెట్టిన పేరే చివరిదాకా కనిపిస్తూ ఉంది.

కొత్త పద్ధతితో ఆ తర్వాత ఆడిన ఆటల్లో ఇంతవరకు సెట్లర్ పోలేదు. అయితే మొన్నటి ఆటలో, అందరికంటే చివర కదిలించాల్సిన బిల్డర్‌ను చివరనే కదిలించి, దాని దగ్గర మిగిలిన ఒకే ఒక్క అవకాశంతో ఒక కొండగడిలో గని తవ్వించాను. మరుసటి టర్న్‌లో అదే గడిలో క్యాంపస్ అనే విద్యా ప్రాంగణం కట్టాలని ఇరవై టర్న్‌ల ముందు నేనే పిన్ గుచ్చి ఉంచాను. పిన్ ఇంకా అక్కడే ఉంది, గని బొమ్మకు సరిగ్గా పైన.